రొట్టె మానితే ఉప్పెటు పోతుంది?

తిండి గురించి సలహాలు చెప్పేవాళ్ళకి మన తెలుగునాట ఎప్పుడూ కరువు లేదు. అప్పట్లో మంతెన సత్యనారాయణరాజు గారు టీవీలో కనపడి ఉప్పు మానండి, నూనె మానండి అన్నారు. మా ఇంట్లో సరిగ్గా వారం రోజులు చప్పిడి కూరలు నడిచాయి. ఎనిమిదో రోజు మా నాయన కంచం పక్కకి జరిపి తొక్కు జాడీ తెమ్మన్నాడు, అంతటితో ఆ ఉద్యమం ముగిసింది :-) ఆ తర్వాత 2017-18 ప్రాంతంలో వీరమాచినేని రామకృష్ణ గారు అన్నం, రొట్టె మానండి, కొవ్వు తినండి అన్నారు. ఊరూరా సభలు జరిగాయి, కిరాణా కొట్లలో కొబ్బరినూనెకి గిరాకీ పెరిగింది.

వీళ్ళలో ఎవరు రైటు, ఎవరు రాంగు అన్న పంచాయితీ నేనిక్కడ పెట్టబోవట్లేదు. నా బాధల్లా వేరే. మనవాళ్ళు ఎవరి మాటా పూర్తిగా వినరు. ఒకచోట విన్న "ఉప్పు మానండి", ఇంకోచోట విన్న "అన్నం మానండి", వాట్సాప్‌లో వచ్చిన "నీళ్ళు బాగా తాగండి", ఈ మూడింటినీ కలిపి సొంతంగా ఒక డైట్ తయారు చేసుకుంటారు. విడివిడిగా చూస్తే మూడూ మంచి మాటల్లాగే ఉంటాయి. కలిపితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం కాబట్టి రాస్తున్నా.

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాను. సాఫ్టువేరు ఇంజనీర్ని. ఒక సిస్టంలో ఒక ముక్క పీకేస్తే దాని మీద ఆధారపడ్డ ఇంకో ముక్క ఎక్కడో పడిపోవడం రోజూ చూస్తుంటాను. ఒంటికీ ఇదే వర్తిస్తుందని మాత్రం ఈ వ్యవహారంలోనే అర్థమైంది.

మాది వనపర్తి. చిన్నాయన వాళ్ళు గద్వాలలో ఉంటారు, మేనత్త నాగర్‌కర్నూల్‌లో. 2016 అక్టోబరు 11 దాకా మా అందరిదీ ఒకటే జిల్లా, మహబూబ్‌నగర్. ఇప్పుడు మూడు జిల్లాలయ్యాయి గానీ కంచం మాత్రం ఒకటే. జొన్నరొట్టె, పుంటికూర, పచ్చిపులుసు, ఏదో ఒక తొక్కు, ఆఖర్న మజ్జిగ. ఎండాకాలమైతే పొద్దున్నే అంబలి. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరు పడిన మా జనం డ్యాములు కట్టినా, కాలవలు తవ్వినా ఈ తిండి మీదే.

ఇప్పుడీ కంచంలో ఉప్పెక్కడుందో చూడండి. మా ఇండ్లల్లో జొన్నరొట్టె పిండిలో ఉప్పు వెయ్యరు. ఉప్పంతా పక్కనున్న తొక్కులో, పులుసులో, మజ్జిగలో, అంబలిలో ఉంటుంది. అంటే రొట్టె మానేసిన మనిషి ఒక్క రొట్టె మానడు. రొట్టె లేకుండా తొక్కు నాకలేడు కదా? అన్నం లేకపోతే పచ్చిపులుసు ఎందులో పోసుకుంటాడు? పిండి పదార్థం మానిన రోజునే, ఎవరూ చెప్పకపోయినా, ఉప్పు కూడా సగానికి సగం పడిపోతుంది. పైపెచ్చు ఒంట్లో ఉన్న ఉప్పు కూడా సరిగ్గా అదే వారంలో బయటికి పోవడం మొదలుపెడుతుంది. తిరకాసంతా ఇక్కడే ఉంది. ఎందుకు పోతుందో తర్వాత చెప్తాను, ముందు చిన్నాయన సంగతి.

2018 మే నెల. గద్వాల ఎండ ఎట్లుంటుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చిన్నాయన రిటైరైన టీచరు, అప్పటికి అరవై దాటాయి. బీపీకి పదేళ్ళుగా మాత్ర వేసుకుంటున్నాడు. పొద్దున వాకింగు బ్యాచిలో ఎవరో ఒక జెరాక్స్ కాగితం ఇచ్చారు. అది ఎవరు రాశారో, ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలీదు. అన్నం, రొట్టె, పండ్లు బంద్. రోజుకి నాలుగైదు లీటర్ల నీళ్ళు. కింద పెన్నుతో ఎవరో చేర్చారు, "బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు పూర్తిగా తగ్గించాలె" అని.

ఆరో రోజు నాకు ఫోన్ చేశాడు. "మూడు కిలోలు తగ్గిన రా, ఆరు రోజులల్ల! కాళ్ళ వాపు గూడ పోయింది" అని గొంతులో పండగే. చిన్నమ్మ ఫోన్ తీసుకుని వేరే కథ చెప్పింది. "తగ్గిండు గనీ నాయనా, తలకాయ నొస్తుందంటడు, రాత్రిపూట పిక్కలు పట్టేస్తున్నయంట. పొద్దున లేస్తే కండ్లు తిరిగి గోడ పట్టుకున్నడు." వాకింగు బ్యాచిలో అడిగితే అది కొవ్వు కరిగేటప్పుడు వచ్చే గుర్తేనని, ఇంకో లీటరు నీళ్ళు తాగమని చెప్పారట.

తాగాడు. తొమ్మిదో రోజు తెల్లారుజామున బాత్రూంలో పడ్డాడు. అదృష్టం బాగుండి ఎముకలేం విరగలేదు. మనిషి మాత్రం మత్తుగా, అడిగినదానికి తిక్కగా సమాధానాలు చెప్తుంటే కర్నూలు తీసుకుపోయాం. అప్పట్లో గద్వాల నుంచి కాస్త పెద్ద వైద్యమంటే కర్నూలే. బీపీ 90/60 ఉంది. రక్తంలో సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాల్సింది 124 ఉంది.

డ్యూటీలో ఉన్న డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న "ఏం తింటున్నారు" అని కాదు, "ఏ మాత్రలు వాడుతున్నారు" అని. చిన్నమ్మ సంచిలోంచి డబ్బా తీసింది. టెల్మిసార్టన్, దాంతో కలిపిన హైడ్రోక్లోరోథయజైడ్. రెండోదాన్నే జనం "నీళ్ళ మాత్ర" అంటారు. ఆయన చెప్పింది ఇప్పటికీ గుర్తుంది. "ఈ మాత్ర పనే ఉప్పుని మూత్రంలో పంపెయ్యడం. రొట్టె మానేస్తే అదే పని కిడ్నీ సొంతంగా చేస్తది. పైనుంచి ఉప్పు తినుడు ఆపిండ్రు. మిగిలిన కాస్త ఉప్పుని నీళ్ళు తాగి పల్చన చేసిండ్రు. ఒక్కొక్కటి అయితే తట్టుకునేటోడేమో, నాలుగూ ఒకటేసారి చేసిండ్రు." ఆ మాత్ర ఆపి, నీళ్ళు కొలిచి ఇచ్చి, సోడియాన్ని నెమ్మదిగా పైకి తెచ్చారు. (అది గబగబా పెంచినా మెదడుకి ప్రమాదమేనట.) నాలుగో రోజుకి మనిషి మళ్ళీ మామూలుగా అందరి మీదా అరవడం మొదలుపెట్టాడు.

సరే, ఇప్పుడు ఆ "ఎందుకు" సంగతి. ఇన్సులిన్ అంటే షుగరు సంగతే అనుకుంటాం మనం. దానికి కిడ్నీలో ఇంకో డ్యూటీ ఉంది. వడపోతలో వచ్చిన సోడియాన్ని పారబొయ్యకుండా వెనక్కి పట్టుకొమ్మని చెప్పడం. 1975లో డిఫ్రాంజో అనే డాక్టరు, ఆయన సహచరులు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి రక్తంలో చక్కెర మారకుండా చూసుకుంటూ ఇన్సులిన్ ఇచ్చి చూశారు. మూత్రంలో పోయే సోడియం బాగా తగ్గింది. అంతకుముందే 1962లో బ్లూమ్ అనే ఆయన ఉపవాసం ఉన్నవాళ్ళని గమనించి, ఒంట్లోంచి పోతున్న ఉప్పు కాస్త పిండి పదార్థం ఇవ్వగానే ఆగుతుందని రాశాడు. అన్నం, రొట్టె తింటే ఇన్సులిన్ పెరుగుతుంది, కిడ్నీ ఉప్పుని పట్టుకుంటుంది, ఉప్పు వెంట నీళ్ళు ఉంటాయి. అన్నం మానితే ఇన్సులిన్ తగ్గుతుంది, కిడ్నీ చెయ్యి వదిలేస్తుంది, ఉప్పు వెంట నీళ్ళూ పోతాయి. మొదటి వారం రోజుల్లో మాటిమాటికీ బాత్రూంకి పరిగెత్తేది ఇందుకే. ఒకట్రెండు వారాల్లో ఒళ్ళు ఇంకో దారిలో సర్దుకుంటుంది గానీ, ఆ సర్దుకునే లోపలే మనుషులు బాత్రూంలో పడేది.

నీళ్ళు పోయే దారి ఇంకోటుంది. మన లివర్లో, కండరాల్లో గ్లైకోజన్ అనే పిండి పదార్థపు నిల్వ సుమారు అర కిలో ఉంటుంది. గ్రాము గ్లైకోజన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. ఆ నిల్వ ఖాళీ అయితే అర కిలో పిండి, కిలోన్నర నీళ్ళు కలిపి రెండు కిలోలు ఎగిరిపోతాయి. ఇందులో కొవ్వు ఒక్క గ్రాము కూడా లేదు.

చిన్నాయన మూడు కిలోల లెక్క చూద్దాం. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 కేలరీలు ఖర్చవ్వాలి. మూడు కిలోలకి 23 వేలు. ఆ వయసులో మనిషికి రోజు ఖర్చు రెండు వేల చిల్లర. ఆరు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా పస్తున్నా 13 వేలు దాటదు. మరి మూడు కిలోలూ కొవ్వెట్లవుతుంది? చాలా మటుకు నీళ్ళే. సెలైన్ సీసా ఉంది చూశారూ, అందులో లీటరుకి 9 గ్రాముల ఉప్పుంటుంది. మన రక్తంలో ఉప్పు పాళ్ళు దాదాపు అంతే కాబట్టే అలా తయారుచేస్తారు. కాబట్టి ఒంట్లోంచి ఓ 9 గ్రాముల ఉప్పు బయటికి పోయిందంటే లీటరు నీళ్ళు కూడా దాంతోపాటే పోయినట్టు. తూకం మెషీనుకి నీళ్ళకీ కొవ్వుకీ తేడా తెలీదు. మనకైనా తెలియాలి కదా.

దీనికి తిరుగుటపా కూడా ఉంది. నెల రోజులు కష్టపడి రొట్టె మానిన మనిషి పెళ్ళికి పోయి పులిహోర, బూరెలు లాగించి వస్తాడు. మర్నాటికి రెండు కిలోలు పెరుగుతాడు, మొహం ఉబ్బుతుంది, వేలికి ఉంగరం బిగుసుకుంటుంది. "చూసినవా, ఒక్క పూట తింటే రెండు కిలోల కొవ్వు పట్టింది" అని ఏడుస్తాడు. కొవ్వు కాదు నాయనా, గ్లైకోజన్ డబ్బా మళ్ళీ నిండింది, కిడ్నీ మళ్ళీ ఉప్పుని పట్టుకుంది. మొదటి వారం సంబరమూ నిజం కాదు, ఈ ఏడుపూ నిజం కాదు. రెండూ నీళ్ళ మీద రాతలే.

మన పెద్దవాళ్ళకి ఇన్సులిన్ పేరు తెలీకపోయినా పిండికీ ఉప్పుకీ ఉన్న జత తెలుసు. గంజిలో ఉప్పు, అంబలిలో ఉప్పు, మజ్జిగన్నంలో ఉప్పు. లీటరు చెమటలో మనిషిని బట్టి అర గ్రాము నుంచి గ్రామున్నర దాకా సోడియం పోతుంది. ఎండలో మట్టి మోసినవాడికి అంబలి మందులాగా పనిచేసేది ఊరికే కాదు. ఓఆర్ఎస్ పొట్లం సూత్రమూ ఇదే. పేగులో గ్లూకోజు ఉంటే సోడియాన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తెస్తుంది, వెనకే నీళ్ళొస్తాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఈ ఉప్పు-గ్లూకోజు నీళ్ళతోనే వేలమందిని కాపాడారు. పేగు దగ్గర లోపలికి తెచ్చేటప్పుడూ పిండి సాయం ఉంది, కిడ్నీ దగ్గర పోకుండా ఆపేటప్పుడూ పిండి సాయం ఉంది. ఆ సాయం తీసేస్తే ఉప్పు లెక్క మారుతుంది. ఇంత చిన్న సంగతి ఆ జెరాక్స్ కాగితంలో లేదు.

మరైతే ఉప్పు ఎక్కువ తింటే సరిపోతుందా? అమెరికాలో ఫిన్నీ అనే డాక్టరు 1983లో ఐదుగురు సైకిల్ పందెగాళ్ళకి నాలుగు వారాలు పిండి పదార్థం దాదాపు లేని తిండి పెట్టి పరీక్షించాడు. సోడియం, పొటాషియం కొరత రాకుండా విడిగా ఇచ్చాడు. వాళ్ళు ముందులాగే సైకిల్ తొక్కగలిగారు. కానీ వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళు, బీపీ మాత్రలు మింగే మా చిన్నాయన లాంటివాళ్ళు కాదు. ఈ తేడా ఎంత పెద్దదో మా మేనత్త విషయంలో తెలిసింది.

కర్నూలు నుంచి వచ్చాక చిన్నాయన ఉప్పు ప్రచారకుడైపోయాడు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో రోజూ ఒకటే పాట, "ఉప్పు లేక సచ్చేటోణ్ణి, అందరు ఉప్పేసుకొని మజ్జిగ తాగుండ్రి" అని. రెండేళ్ళ కింద నాగర్‌కర్నూల్‌లో ఉన్న మేనత్త కూడా షుగరు కోసం అన్నం, రొట్టె బాగా తగ్గించింది. కాస్త నీరసంగా ఉందని గ్రూపులో పెట్టింది. చిన్నాయన వెంటనే "గ్లాసు నీళ్ళల్ల చెంచా ఉప్పేసుకొని తాగు అక్కా, నాది పూచీ" అని జవాబిచ్చాడు.

మేనత్తకి గుండె బలహీనంగా ఉంది. పాదాలు వాచి, పడుకుంటే ఆయాసం వచ్చి ఒకసారి ఆస్పత్రిలో ఉండొచ్చింది. ఆమెకి నీళ్ళ మాత్ర ఇచ్చిందే ఒంట్లో పేరుకున్న ఉప్పునీ నీటినీ బయటికి పంపడానికి. చెంచా ఉప్పంటే ఐదారు గ్రాములు, అంటే ఇంచుమించు రోజంతటికీ చాలే ఉప్పు ఒక్క గుక్కలో. గ్రూపులో అది చూడగానే ఫోన్ చేశాను. "అత్తా, ఆ ఉప్పునీళ్ళు తాగకు, ముందు డాక్టరుకి చూపించుకో" అన్నాను. "మీ చిన్నాయన అంత నమ్మకంగ చెప్తుంటే..." అని నసిగింది గానీ పోయింది. నాగర్‌కర్నూల్, వనపర్తిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 2022లో వచ్చాయి, గద్వాలకి 2024లో వచ్చింది. ఇప్పుడు సోడియం పరీక్షకి కర్నూలో, హైదరాబాదో పోనక్కర్లేదు.

పరీక్షలో సోడియం బాగానే ఉంది. నీరసానికి కారణం షుగరు మాత్ర. తిండి తగ్గింది గానీ మాత్ర తగ్గలేదు, షుగరు పడిపోతోంది. మాత్ర మోతాదు మార్చారు, ఉప్పు మాత్రం పెంచొద్దన్నారు. చిన్నాయనకి మేలు చేసిన సలహానే ఆమెకి ఆయాసం తెప్పించి ఉండేది. ఇద్దరిదీ ఒకే రక్తం, ఒకే రొట్టె, ఒకే డైటు. ఉప్పు జవాబు మాత్రం అటుదిటు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే 2 గ్రాముల సోడియం. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ అంతే ఉంది. మనం తినేది ఇంతకన్నా చాలా ఎక్కువ, అందుకే బీపీలు, పక్షవాతాలు. కాబట్టి "ఉప్పు తగ్గించండి" అన్న మాట మామూలు తిండి తినే జనాభాకి నూటికి నూరుపాళ్ళు సరైనదే, దాన్ని నేను కాదనట్లేదు. నేననేదల్లా ఒకటే. అది అన్నం-రొట్టె తినేవాళ్ళని చూసి చెప్పిన లెక్క. కంచం మొత్తం మార్చేసి ఆ అంకెని మాత్రం ప్రోగ్రాంలో కాన్‌స్టెంట్ లాగా అట్లే ఉంచితే కుదరదు. అట్లని కంచం మార్చినవాళ్ళందరికీ కలిపి ఇంకో అంకె రాసినా కుదరదు. కంచంలో ఏముంది, మాత్రల డబ్బాలో ఏముంది, గుండె, కిడ్నీ ఎట్లున్నాయి, బయట ఎండెంత, ఇవన్నీ చూసి తేల్చాల్సిన సంగతది.

నాకు తెలిసిన మటుకు జాగ్రత్తలు ఇవి. బీపీకి, షుగరుకి మాత్రలు వాడేవాళ్ళు రొట్టె మానే "ముందు" డాక్టరుకి చెప్పాలి, కింద పడ్డాక కాదు. మోతాదులు మార్చాల్సి రావచ్చు, ఆ పని మనంతట మనం చెయ్యకూడదు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు వాడేవాళ్ళు మరీ జాగ్రత్త. 2020లో పేటెంటు అయిపోయాక అవి చవకై ఇంటింటికీ వచ్చాయి. వాటి మీద ఉండి పిండి పదార్థం పూర్తిగా మానితే, మీటరులో షుగరు మామూలుగా కనపడుతూనే రక్తం ఆమ్లమయ్యే ప్రమాదం ఉంది. "తక్కువ సోడియం ఉప్పు" అని అమ్మేదాంట్లో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టన్ లాంటి మాత్రలున్నవాళ్ళు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు అడక్కుండా వాడొద్దు. సైంధవ లవణం గులాబీ రంగులో ఉన్నా అదీ దాదాపు అంతా సోడియం క్లోరైడే, పైగా కలిపితే తప్ప అందులో అయోడిన్ సరిపడా ఉండదు. లేవగానే కళ్ళు తిరగడం, పిక్కలు పట్టెయ్యడం, మాట తేడా రావడం కొవ్వు కరుగుతున్న గుర్తులు కావు. వాటికి ఇంకో లీటరు నీళ్ళు మందు కాదు, రక్తపరీక్ష మందు.

చిన్నాయన ఇప్పుడు పొద్దున ఒక జొన్నరొట్టె, రాత్రి ఒకటి తింటాడు. డాక్టరు వేరే బీపీ మాత్రకి మార్చాడు. ఆ మే నెలలో పోయిన మూడు కిలోలు మూడు రోజుల్లోనే తిరిగొచ్చాయి గానీ, తర్వాత ఏడాదిన్నరలో నెమ్మదిగా నాలుగు కిలోలు తగ్గాడు, అవి మళ్ళీ రాలేదు. వాట్సాప్ గ్రూపులో ఉప్పు ప్రచారం ఆపమంటే మాత్రం వినట్లేదు. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి ప్రచారకులు ఒకరుండే ఉంటారు. వాళ్ళు చెప్పేది తప్పని వాదించకండి, వాళ్ళ వరకు అది నిజమే అయ్యుంటుంది. వినేవాళ్ళ మాత్రల డబ్బాలో ఏముందో మాత్రం ఒకసారి తీసి చూడండి.